గుమ్మం దాటేటప్పుడే నొప్పి

ఆ ఏడు వానలు మొదలైన వారానికే నా కోడలు దిండూ దుప్పటీ చంకన పెట్టుకుని నా గదిలోకి వచ్చేసింది.

"కొంచెం జరగండి అత్తయ్యా" అంది.

జరిగాను. ఏమైందని అడగలేదు. అడగాల్సిన పనీ లేదు. పక్క గదిలో మొగుడూ పెళ్లాలు పోట్లాడుకున్నదంతా గోడకి ఇవతల నుంచి అక్షరం పొల్లుపోకుండా విన్నాను. బతుకంతా టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా పనిచేసినదాన్ని. వినకూడనివి వినడం, విని కూడా ఏమీ ఎరగనట్టు ముఖం పెట్టడం ఆ ఉద్యోగం నాకు నేర్పిన విద్యలు.

గొడవంతా కారు గురించి. మా వాడికి డ్రైవింగ్ స్కూలు ఉంది. స్కూలంటే ఒక గది, రెండు కార్లు, ఒక మా వాడు. ఒక కారు పాఠాలకి, ఇంకోటి పాఠాల్లో అరిగిపోయి రిటైరై ఇంటికి చేరింది. నేర్పేవాడి కోసం పక్క సీటు దగ్గర కూడా ఒక బ్రేకు పెడతారు కదా, అది రెండింట్లోనూ ఉంది. చిక్కంతా ఆ రెండో బ్రేకుతోనే. కోడలు కారు నడుపుతుంటే మా వాడు పక్కన కూర్చుని ప్రతి మలుపులోనూ దాన్ని తొక్కుతాడు. కారు ఉన్నట్టుండి ఆగిపోతుంది. వెనకవాళ్లు హారను కొట్టి తిట్టేది మాత్రం ఆమెని.

ఆమె ఫిజియోథెరపిస్టు. విరిగి అతుక్కున్న కాళ్లకీ చేతులకీ మళ్లీ కదలడం నేర్పుతుంది. నది అవతల కొత్తగా కట్టిన ఆస్పత్రిలో ఆమెకి పెద్ద ఉద్యోగం వచ్చింది. వానలు తగ్గాక చేరాలి. బస్సు అటువైపు పోదు. పాత కారు వేసుకుని వెళ్తానంది. మా వాడు వద్దన్నాడు. వంతెన ఇరుకన్నాడు, లారీలు తిరుగుతాయన్నాడు, రోడ్డు తడిగా ఉంటుందన్నాడు.

"ఊరందరికీ నేర్పావు, నాకూ నువ్వే నేర్పావు. నన్ను మాత్రం నడపనివ్వవు" అని గోడ అవతల ఆమె అంది. "నీ కాలికి ఏదో ఒక వైద్యం చేయించుకో. లేదా ఆస్పత్రి పక్కనే గది తీసుకుని అక్కడే ఉంటాను."

ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు. మధ్యలో నేను.

"అత్తయ్యా, మీ అబ్బాయిని గొడుగు తీసుకెళ్లమనండి."

వాడు ఆమె ఎదురుగానే కూర్చుని బూట్లు తొడుక్కుంటున్నాడు.

"ఒరేయ్, గొడుగు తీసుకెళ్లమంటోంది."

"అక్కర్లేదని చెప్పమ్మా."

"అక్కర్లేదటమ్మా."

"తడిస్తే జలుబు చేస్తుందని చెప్పండి."

"జలుబు చేస్తుందటరా."

"నా జలుబు నా ఇష్టమని చెప్పు."

రిటైరైన ఇన్నేళ్లకి నన్ను మళ్లీ డ్యూటీలోకి తీసుకున్నట్టయింది. ఎక్స్ఛేంజీలో అయితే అటువాళ్లూ ఇటువాళ్లూ ఒకరికొకరు కనపడేవాళ్లు కాదు. ఒకే బల్ల దగ్గర కూర్చున్న ఇద్దరికి లైను కలపడం నా సర్వీసులో ఎప్పుడూ లేదు.

అలా ఉండగా మా వాడు కొత్త అలవాటొకటి మొదలుపెట్టాడు. సాయంత్రం పని ముగించుకుని వచ్చి, ఇంట్లోకి రాకుండా వాకిట్లో నిలిపిన పాత కారెక్కి కూర్చునేవాడు. అద్దాలన్నీ ఎత్తేసేవాడు. స్టీరింగు దగ్గర ఫోను నిలబెట్టి దానితో మాట్లాడుతూ ఉండేవాడు. వంటింటి కిటికీలోంచి నాకంతా కనపడేది. కాసేపు తల దించుకునేవాడు. కాసేపు కళ్లు మూసుకుని, గుండె మీద చెయ్యి వేసుకుని, బారెడు నిట్టూర్పు విడిచేవాడు. పెళ్లాంతో మాటల్లేని మగవాడు ఫోను ముందు కళ్లు మూసుకుని గుండె మీద చెయ్యి వేసుకుంటే కన్నతల్లి ఏమనుకోవాలి?

పై అంతస్తు టైలరమ్మ దిండు గలీబులు ఇవ్వడానికి వచ్చి, అడక్కుండానే నా అనుమానానికి ఇంత ఆజ్యం పోసి వెళ్లింది.

"మీతో చెప్పొచ్చో లేదో పిన్నిగారూ. మీవాడి కారు పక్కనుంచి వస్తుంటే ఆడగొంతు వినపడింది. 'తొందరేం లేదు, నేను వింటున్నాను, చెప్పండి' అంటోంది. ఎంత మెత్తగా అంటోందనుకున్నారు!"

ఆ పూట వాణ్ని నిలదీశాను. "ఎవరితోరా కారులో ఆ మాటలు?"

వాడు తడబడ్డాడు. "కౌన్సిలర్‌తోనమ్మా."

"మన వార్డు కౌన్సిలరా? అయితే వీధి దీపం సంగతి కూడా అడుగు. వెలిగి నెల దాటింది."

వాడు నా ముఖంలోకి అదోలా చూసి, "అడుగుతాలే" అని వెళ్లిపోయాడు. వాడు వెళ్లాక నాకు తట్టింది. మా వార్డు కౌన్సిలరు బారెడు మీసాలున్న మనిషి. మెత్తటి ఆడగొంతు ఎక్కడిది? అంటే వాడు నాతో అబద్ధమాడాడు. ఇక నా ప్రాణం ఊరుకోలేదు.

ఇక్కడ నా మోకాళ్ల గురించి చెప్పాలి. అప్పటికి నాలుగేళ్లుగా నాకు మోకాళ్ల నొప్పి. గుమ్మం దాటి ఎక్కడికీ వెళ్లేదాన్ని కాదు. కూరగాయలు ఇంటికే వచ్చేవి, మందులు ఇంటికే వచ్చేవి, చుట్టాలు కూడా నన్ను చూడాలంటే వాళ్లే వచ్చేవాళ్లు. కానీ ఆ సాయంత్రం, మా వాడు వచ్చే వేళకి ముందు, నేను మేకుకి తగిలించి ఉన్న కారు రెండో జత తాళాలు తీసుకుని, కొంగు నెత్తిన కప్పుకుని, వానలో వాకిలి దాటి, కారు వెనక తలుపు తీసి, సీట్ల మధ్య సందులో ముడుచుకుని కూర్చుని, కారు మీద కప్పే పట్టా నా మీద కప్పుకున్నాను. అంత పని చేస్తూ నాకు మోకాళ్లున్న సంగతే గుర్తుకు రాలేదు.

కాసేపటికి మా వాడు ఎక్కి తలుపు వేసుకున్నాడు. ఫోను మోగింది.

"నమస్కారమండీ. ఈ వారం ఎలా గడిచింది?" టైలరమ్మ చెప్పిన గొంతే. చిన్నపిల్ల గొంతు.

"బాగానే... లేదండీ, బాగాలేదు. నిన్న చౌరస్తా దగ్గర మళ్లీ వచ్చింది. బ్యాంకు మేనేజరు గారు నడుపుతున్నారు. ఎదర రోడ్డు ఖాళీ. అయినా నా కాలు బ్రేకు మీదికి దిగిపోయింది. గుండె దడదడ, చేతులు చల్లబడిపోయాయి. ప్రాణం పోతుందేమో అనిపించింది. ఆయనే నన్ను వెనక సీట్లో పడుకోబెట్టి, కారు నడుపుకుంటూ స్కూలు దాకా తీసుకొచ్చారు."

"సమయానికి భలే ఆదుకున్నారే ఆయన."

"ఆయనకది మూడో పాఠమండీ. మొదటి గేరు దాటితే ఒట్టు. ఊరంతా మా వెనకాలే వచ్చింది."

నాకు పట్టా కింద నవ్వొచ్చింది. కానీ వాడు ఆగలేదు. "కిందటి నెల కూడా ఇలాగే అయితే గుండెపోటేమో అనుకుని ఒక్కణ్నే ఆస్పత్రికి వెళ్లాను. గుండెకేం ఢోకా లేదన్నారు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు."

నవ్వు గొంతులోనే ఆగిపోయింది.

"మీ ఆవిడకి కూడానా?"

"తను నడుపుతుంటే నేను బ్రేకు తొక్కేది తనమీద నమ్మకం లేక అనుకుంటోంది. అనుకోనివ్వండి. దానిమీద ఇద్దరం పోట్లాడుకుంటాం. నామీద నాకే నమ్మకం లేదని చెప్పాననుకోండి, జాలిపడుతుంది. జాలితో ఎవరు పోట్లాడగలరండీ?"

ఆ పిల్ల మెల్లగా అడిగింది. "మీ చిన్నప్పుడు ఇంట్లో బాగా భయపడేవాళ్లు ఎవరైనా ఉండేవాళ్లా?"

"మా అమ్మ." వెధవ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "బడి నుంచి రావడం కాస్త ఆలస్యమైతే చాలు, ఎక్స్ఛేంజీలో కూర్చునే ఊళ్లో ఉన్న ఆస్పత్రులన్నిటికీ ఫోను కలిపేసేది."

"అన్నిటికీ కాదు! రెండింటికే!"

పట్టా తోసుకుని లేచి నేను అరిచిన అరుపుకి మా వాడు ఎగిరి పడ్డాడు. మోచెయ్యి హారను మీద పడి ఆ కూత ఎంతసేపటికీ ఆగలేదు. పై అంతస్తుల్లో కిటికీలన్నీ తెరుచుకున్నాయి.

"ఏమైందండీ? బాగానే ఉన్నారా?" ఫోన్లో ఆ పిల్ల కంగారుపడుతోంది.

"వెనక సీట్లో... మా అమ్మ ఉందండీ."

"మొదట్నుంచీనా?"

"పట్టా కప్పుకుని ఉంది."

ఆ పిల్ల గొంతు సవరించుకుంది. "ఆవిడ అక్కడ ఉండటం మీకు ఇష్టమేనా?"

"ఆవిడ ఎక్కడ ఉండాలో ఆవిడకి చెప్పే మగాడు ఇంకా పుట్టలేదండీ!" అని మా వాడు తలుపు ధడాల్న వేసి వానలోకి దిగిపోయాడు.

కారులో నేనూ, ఫోన్లో ఆ పిల్లా మిగిలాం. ముందుకు వంగి చూశాను. కళ్లజోడు, భుజం దాకా కత్తిరించిన జుట్టు, వెనకాల పూలకుండీ.

"ఏమమ్మాయ్, నువ్వేనా కౌన్సిలరువి?"

"అవునండీ. మనసు బాగాలేనప్పుడు నాతో మాట్లాడతారు. కాస్త తేలిక పడటానికి దారి వెతుకుతాం."

"వీధి దీపాలు నీ చేతిలో లేవన్నమాట."

"లేవండీ."

"పోనీలే. మా వాడికేమైందో చెప్పు."

"ఆయన నాతో చెప్పుకున్నవి ఆయన ఒప్పుకోకుండా ఎవరితోనూ మాట్లాడనండీ. మీతో కూడా."

"నేను వాడి తల్లిని."

"అందుకే 'మీతో కూడా' అన్నాను."

నాకు కోపం రావాల్సింది. రాలేదు. ఎక్స్ఛేంజీలో మాకూ అదే నియమం. ఈ పిల్లకి ఉద్యోగం తెలుసనుకున్నాను.

"మీ గురించి ఏమైనా మాట్లాడాలనిపిస్తే వేరే రోజు తీసుకోండి" అంది.

"నాకేం రోగం?"

"ఉందని నేననలేదండీ" అని నవ్వి లైను పెట్టేసింది.

మా వాడు బయట తడుస్తూ అద్దం మీద కొట్టాడు. "దిగమ్మా."

దిగబోయాను. వాకిలి దాటితే గుమ్మం. మధ్యలో నాలుగడుగులు తడి నేల. ఇందాక దాని మీద నుంచే వచ్చాను. ఇప్పుడు చూస్తే అది మైదానంలా ఉంది. కాళ్లు కదలనన్నాయి. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. అరచేతులు చల్లగా అయిపోయాయి.

"మోకాళ్లు పట్టేశాయిరా" అన్నాను.

హారను విని కోడలు గొడుగేసుకుని పరుగెత్తుకొచ్చింది. ఇద్దరూ చెరో పక్కా చేరారు.

"ఆ చెయ్యి పట్టుకో."

"పట్టుకున్నా. నువ్వు గొడుగు ఇటు వంచు."

"తల జాగ్రత్త."

"నాకు కనపడుతోంది."

"కనపడితే ఎందుకు తగిలించావ్?"

నా తల తలుపుకి టంగుమని తగిలిన సంగతి ఇద్దరికీ పట్టలేదు. కానీ నా నెత్తి మీదుగానే అయినా, నేను కలపకుండానే, వాళ్లకి లైను కలిసింది.

ఇంట్లోకి వచ్చాక వాడు దాచినదంతా పెళ్లాంతో చెప్పక తప్పలేదు, అప్పుడు అసలు పోట్లాట మొదలైంది. ఈసారి గోడకి చెవి ఆనించే అవసరం లేకుండా నా ముందే, వంటింట్లోనే.

"ముక్కూ మొహం తెలియని పిల్లకి చెప్పుకున్నావు. నాకు చెప్పలేదు. ఒక్కడివే ఆస్పత్రికి వెళ్లావా? ఏ ఆస్పత్రికి?"

"మీ ఆస్పత్రికే."

"నేను పనిచేసే ఆస్పత్రికా! అప్పుడు నేనెక్కడున్నాను?"

"పై అంతస్తులో. ఎవరో ముసలాయనకి నడక నేర్పుతున్నావు. తలుపు అద్దంలోంచి చూశాను. ఆయన ఒక్కో అడుగే వేస్తున్నాడు, నువ్వు వెనక్కి నడుస్తూ నవ్వుతున్నావు. పాడుచెయ్యడం ఎందుకని వచ్చేశాను."

పొయ్యి మీద టీ పొంగి పోతున్నా ఇద్దరిలో ఒక్కరూ దించలేదు. నేనే దించాను. ఆ వారంలోనే నా మంచం మొత్తం నాకు దక్కింది.

ఇక నా సంగతి. నాకు ఏ జబ్బూ లేదు. కానీ ఆ పిల్ల దగ్గర నా పేరు పాడైపోయింది. ఊళ్లో ఆస్పత్రులన్నిటికీ ఫోన్లు చేసేదాన్నని మా వాడు చెప్పగా విని ఆమె అదే నిజమనుకుని ఉంటుంది. ఆ ఒక్కటీ సరిచేద్దామని నాకూ ఒక రోజు తీసుకోమన్నాను. మా వాడు తల పట్టుకున్నాడు గానీ, ఆ పిల్ల ముందు వాణ్ని అడిగింది. వాడు సరే అన్నాక, వాడి మాటలు నాకూ, నా మాటలు వాడికీ చేరవని నాతో చెప్పింది. క్రాస్ కనెక్షన్ ఉండదన్నమాట. బాగుందనుకున్నాను.

ఫోను పంచదార డబ్బాకి ఆనించి కూర్చున్నాను.

"నాకు ఫ్యాను కనపడుతోందండీ" అంది.

"తిరుగుతోందా?"

"తిరుగుతోంది."

"అయితే కరెంటుంది. చెప్పు."

ఆస్పత్రుల సంగతి తేల్చేశాను. రెండింటికే చేశాను, రెండోది కూడా మొదటిచోట ఎవరూ ఎత్తలేదు గనక. ఆ పిల్ల ఓపిగ్గా విని, "ఇప్పుడు బయటికి వెళ్తుంటారా?" అంది.

"ఎక్కడమ్మా, మోకాళ్ల నొప్పి."

"ఎప్పుడొస్తుంది? కూర్చుని లేచేటప్పుడా? మెట్లెక్కేటప్పుడా?"

"గుమ్మం దాటేటప్పుడు."

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నా చెవికే కొత్తగా వినపడింది. ఆ పిల్ల నవ్వలేదు. అయ్యో అని కూడా అనలేదు.

"ఇంట్లో పని చేసుకునేటప్పుడు రాదా?"

"ఇంట్లో ఎందుకొస్తుంది? స్టూలెక్కి బూజు కూడా దులుపుతాను."

"స్టూలెక్కినా రాదా?"

"స్టూలు గుమ్మం లోపలే ఉంది కదా!"

ఫ్యాను చప్పుడు వినపడుతోంది. అప్పుడు చెప్పాను. రిటైరైన కొత్తల్లో ఒకసారి బస్టాపులో నిలబడి ఉండగా ఉన్నట్టుండి లోకమంతా దూరం జరిగిపోయినట్టయింది. చెమటలు పట్టాయి. పడిపోతాననిపించింది. ఎలా ఇంటికొచ్చానో తెలీదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఎవరు ఎక్కడున్నారో ఒక్క తీగ లాగితే తెలిసేది. అది పోయాక గుమ్మం అవతల అంతా ఖాళీ. భయమని ఎలా చెప్పను? ఆ పూట ఇంటికొచ్చి సోఫాలో కూలబడితే కోడలు "ఏమైందత్తయ్యా" అని అడిగింది. "మోకాళ్లు" అన్నాను. ఆ రోజు నుంచీ మోకాళ్లే.

ఆ మర్నాడు కోడలి ముందు కాళ్లు చాపి కూర్చున్నాను. "నా మోకాళ్లొకసారి చూడవే."

"చూశానత్తయ్యా."

"ఎప్పుడు?"

"నొప్పి అని మీరు మొదటిసారి చెప్పిన మర్నాడే. బూజు దులిపి స్టూలు మీంచి కిందికి దూకారు. నా దగ్గరికొచ్చే వాళ్లెవరూ అలా దూకరు."

"మరి ఇన్నాళ్లూ నోరు విప్పలేదేం?"

ఆమె నా పాదం తీసి తన ఒళ్లో పెట్టుకుంది. "ఇంకేదో ఉందని తెలుసు. అదేమిటో తెలీదు. అది తెలీకుండా ఉన్న ఒక్క సాకూ లాగేసుకుంటే మీకేం మిగులుతుంది?"

కోడళ్ల మీద నాకున్న అభిప్రాయాలు కొన్ని ఆ పూట మార్చుకోవాల్సి వచ్చింది.

ఆ పిల్ల నాకు బడిపిల్లలకి ఇచ్చినట్టు ఇంటిపని ఇచ్చింది. మొదట గుమ్మం బయట నిలబడాలి. తర్వాత గేటు దాకా, ఆ తర్వాత మలుపులో ఉన్న మందుల షాపు దాకా. భయం వస్తే దాన్ని తరమకూడదట. వచ్చి కూర్చోనివ్వాలట, కాసేపుంటే దానంతట అదే లేచి వెళ్తుందట.

"మా ఇంటికొచ్చే చుట్టాలెవరూ అలా లేచి వెళ్లరమ్మాయ్" అన్నాను.

కానీ వెళ్లింది. మొదటిరోజు గుమ్మం బయట నిలబడి, గోడ పట్టుకుని, భయంతో పాటు నేనూ నిలబడ్డాను. కోడలు పక్కనే ఉంది, చెయ్యి మాత్రం పట్టుకోలేదు. పై నుంచి టైలరమ్మ "శభాష్ పిన్నిగారూ, ఇంకొక్క అడుగు!" అని ఊరంతా వినపడేలా అరిచింది. ఆమెని తిట్టుకుంటూ గేటు దాకా వెళ్లిపోయాను. తిట్టుకుంటూ ఉంటే భయం అంతగా తెలియదు. ఈ సంగతి ఆ పిల్లకి చెబితే రాసుకుంది.

అన్నిటికంటే కష్టమైన పని ఇంకోటుంది. వాళ్లు బయటికెళ్తే "చేరాక ఫోను చెయ్యండి" అనకూడదు, నేను చెయ్యకూడదు. మా వాడికీ అదే ఆంక్ష. వాడికి దాంతోపాటు ఇంకోటి. ఆమె నడుపుతున్నప్పుడు కాళ్లు బ్రేకు దగ్గర ఉండకూడదు.

ఒక సెలవు రోజున ముగ్గురం పాత కారులో బయల్దేరాం. కొత్త ఆస్పత్రి దాకా వెళ్లి రావాలని. సన్నగా తుంపర. కోడలు స్టీరింగు ముందు. మా వాడు బూట్లు విప్పి, పక్క సీట్లో బాసింపట్టు వేసుకుని తపస్సుకి కూర్చున్నట్టు కూర్చున్నాడు. ప్రతి మలుపులోనూ వాడి భుజాలు చెవుల దాకా లేచి మళ్లీ కిందికి దిగుతున్నాయి. నోరు మాత్రం తెరవలేదు. వెనక నేను.

వంతెన మధ్యకి వచ్చేసరికి ముందు ఏదో లారీ చెడిపోయింది. కార్లన్నీ నిలిచిపోయాయి. చుట్టూ ఇనుము, కింద నీళ్లు. నాకు బస్టాపు గుర్తొచ్చింది. లోకం దూరం జరగడం మొదలుపెట్టింది.

"అమ్మాయ్, కారాపు! నేను దిగిపోతాను!"

"ఆగే ఉన్నామత్తయ్యా."

అదీ నిజమే.

మా వాడు వెనక్కి తిరిగాడు. వాడి ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది. "నీకూ చేతులు చల్లబడ్డాయా అమ్మా?"

"పడ్డాయిరా."

వాడు సీట్ల మధ్యలోంచి చెయ్యి చాపాడు. పట్టుకున్నాను. రెండూ మంచుగడ్డల్లా ఉన్నాయి. చిన్నప్పుడు రోడ్డు దాటిస్తూ పట్టుకున్న చెయ్యే. అప్పుడు కూడా ఇలాగే ఉండేదేమో, నాది వెచ్చగా ఉంటే కదా తెలియడానికి.

కోడలు అద్దంలోంచి మా ఇద్దర్నీ చూసింది. "ఇద్దరూ ఊపిరి పీల్చండి. నిదానంగా. నాతో పాటు. ఇప్పుడు వదలండి."

పీల్చాం, వదిలాం. పీల్చాం, వదిలాం. పక్క లారీ డ్రైవరు బీడీ కాలుస్తూ, మూసిన కారులో ముగ్గురు మనుషులు ఒక్కసారిగా ఉబ్బి ఒక్కసారిగా తగ్గుతుంటే నోరు తెరిచి చూస్తున్నాడు. నా గుండె దారిలోకి వస్తోందనగా ముందు బళ్లు కదిలాయి.

"చాలు, చాలు! ఇక ఆపండి!" అని అరిచింది కోడలు. "అద్దమంతా ఆవిరి పట్టేసింది, రోడ్డు కనపడటం లేదు!"

మా వాడు ఒక చేత్తో అద్దం తుడవడం మొదలుపెట్టాడు, ఇంకో చెయ్యి నా చేతిలోనే ఉంచి. ఆ తుడిచిన కాస్త జాగాలోంచి చూస్తూ ఆమె వంతెన దాటించింది. అవతలి ఒడ్డుకి చేరాక ఎవరు మొదలుపెట్టారో తెలీదు, ముగ్గురం కళ్ల నీళ్లొచ్చేలా నవ్వాం.

వానలు వెనకబట్టాక ఆమె ఉద్యోగంలో చేరే రోజు వచ్చింది. పొద్దున్నే ఒక్కతే పాత కారు తీసుకుని వెళ్లింది. మా వాడు గేటు దగ్గర నిలబడి చెయ్యి ఊపాడు. జాగ్రత్త అనలేదు. ఆ మాట అనకుండా ఉండటానికి పళ్లు బిగపట్టుకుంటే నవ్వుతున్నాడనుకుని ఆమె కూడా నవ్వింది.

ఆ తర్వాత మా ఇద్దరి అవస్థ చెప్పనలవి కాదు. వాడు పాఠాలకి వెళ్లి మధ్యాహ్నానికే వచ్చేశాడు. ఫోను బల్ల మీద పెట్టి చెరో పక్కా కూర్చున్నాం.

"చేరి ఉంటుంది" అన్నాడు.

"చేరే ఉంటుంది" అన్నాను.

"వంతెన దగ్గర..."

"నోరు ముయ్యి."

కాసేపటికి వాడి చెయ్యి ఫోను వైపు పాకింది. ఆ చేతి మీద ఒక్కటిచ్చాను. ఇంకాసేపటికి నా చెయ్యి పాకింది. వాడు ఫోను తీసి బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించాడు. లాభం లేక ఇద్దరం లేచి మందుల షాపు దాకా నడిచాం. దగ్గు మందు కొన్నాం. దగ్గు ఎవరికని షాపతను అడిగితే ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. మలుపు దాకా వెళ్లి వచ్చిన సంగతి ఇంటికొచ్చి చెప్పులు విప్పేటప్పుడు గానీ నేను గమనించలేదు.

సాయంత్రం గేటు చప్పుడైంది. ఇద్దరం చెరో పత్రికా పట్టుకుని, ఏమీ పట్టనట్టు కూర్చున్నాం. కోడలు సుడిగాలిలా లోపలికొచ్చింది. చెప్పులు కూడా విప్పలేదు.

"నా ఫోను చూశారా?"

అప్పటిదాకా మాకు తెలియదు, ఫోను ఇంట్లోనే మర్చిపోయి వెళ్లిందని. వెతగ్గా వెతగ్గా బీరువా పక్కన ఛార్జింగు పెట్టిన చోటే దొరికింది. ఆమె దాన్ని తెరిచి చూసింది. కిందికి జరిపి చూసింది. మళ్లీ పైకి జరిపి చూసింది.

"ఒక్కసారి కూడా చెయ్యలేదా మీరు?"

"చెయ్యలేదు" అన్నాడు మా వాడు, పరీక్షలో మొదటి ర్యాంకు తెచ్చుకున్నవాడిలా ఛాతీ విరిచి.

"మీరూనా అత్తయ్యా?"

"నేనూ చెయ్యలేదు."

ఆమె కుర్చీలో కూలబడింది. "పొద్దున్న ఆస్పత్రిలో దిగి చూసుకుంటే ఫోను లేదు. ఒక్క నంబరూ గుర్తులేదు. అయిపోయింది, ఇద్దరూ చేస్తూ ఉంటారు, నేను ఎత్తకపోతే ఏమైపోతారో, ఎవరైనా ఒకరు పడిపోతారేమో అని రోజంతా నాకు గుండె దడ. పని వదిలేసి రెండుసార్లు కింద రిసెప్షన్ దాకా పరుగెత్తాను, మా ఇంటి నుంచి ఫోనేమైనా వచ్చిందా అని. వాళ్లు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "మీరేమో ఒక్కసారి కూడా చెయ్యలేదు!"

మెచ్చుకుంటోందో, నిష్ఠూరమాడుతోందో నాకు అంతుపట్టలేదు. మా వాడికి అసలే పట్టలేదు. వాడు వెళ్లి మంచినీళ్లు తెచ్చి ఆమె చేతికిచ్చి, పక్కన కూర్చున్నాడు. ఆమె తాగి, గ్లాసు బల్ల మీద పెట్టింది.

"రేపటి నుంచి మధ్యాహ్నం ఒక్కసారి చెయ్యండి" అంది. "ఒక్కసారే. ఇద్దరిలో ఎవరో ఒకరు."

ఎవరు చెయ్యాలన్నదాని మీద ఆ పూటే మా వాడికీ నాకూ తగువు మొదలైంది. ఆమె చేతులు కడుక్కొచ్చి, మా ఇద్దరికీ అన్నం వడ్డించి, తను తిని, కంచం కడుక్కుని వెళ్లి పడుకునేసరికి కూడా అది తెగలేదు.